దాసరి సుబ్రహ్మణ్యము అద్భుత ధారావాహికలు – పఠనారంభ విచారము

ఒక రచయిత పండ్రెండు పెద్దకథలు వ్రాసినపుడు వానిలో మొదట నేది చదువవలయునను ప్రశ్న పైకి మిక్కిలి స్వల్పముగ కన్పట్టును. మొదటి కథతో నారంభింపుమని యెవరైనను సమాధానము చెప్పగలరు. రచనాక్రమమును బట్టి పఠించుట పరిశోధకులకు అలవాటైన పద్ధతియే. కాని దాసరి సుబ్రహ్మణ్యము (1932–2010) 'చందమామ' మాసపత్రికకు వ్రాసిన అద్భుత ధారావాహికల విషయమున నీ పద్ధతి పాఠకుని పెడదారి పట్టించునని మా యభిప్రాయము. ఆరంభస్థానము మాఱినచో రచయితను గూర్చిన తీర్పే మాఱుచున్నది. కావున నీ చిన్న ప్రశ్నను కొంత శ్రద్ధతో పరిశీలింప నుద్దేశించితిమి.

చందమామను నాగిరెడ్డి, చక్రపాణిగారలు 1947 జూలైలో మద్రాసున స్థాపించిరి. సుబ్రహ్మణ్యముగారు 1952లో నందు ప్రవేశించి అర్ధశతాబ్దికి మించి పనిచేసిరి. 1954లో 'తోకచుక్క' ప్రారంభమైనది. దాని వెనుక మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, భల్లూక మాంత్రికుడు, మాయాసరోవరం అనునవి 1970వ దశకపు టుత్తరార్ధము వఱకు నెలనెల వెలువడినవి. ఇన్నింటిలో నెచటను రచయిత పేరు లేదు. బొమ్మల మూలను 'చిత్రా' సంతకము మాత్ర ముండెడిది. చిత్రకారుని పేరు పిల్లలకు తెలిసినది. కథకుని పేరు తెలియలేదు. ఒక తరమువారు వీనిని చందమామ కథలనియే యెఱుగుదురు గాని, ఒక వ్యక్తి రచనలని యెఱుగరు. విశ్వవిద్యాలయములలో వీనిని గూర్చి తగినంత పరిశోధన జరుగకుండుటకు ఇవి బాలసాహిత్యమనెడి చిన్నచూపుతోపాటు ఈ యనామకత్వము కూడ కారణమే.

నేటి విద్యార్థి వీనిని ఎట్లు చేరుకొనుచున్నాడు? చందమామ ప్రచురణ 2012 తరువాత నిలిచిపోయినది. ధారావాహికలు పిదప గ్రంథరూపమున కూడ వెలువడినవి. కాని కోఠి ప్రాంతమున తిరుగువారికి వేఱొక దారి సుపరిచితము. కోఠిలో పాతపుస్తకముల దుకాణముల ముందు నిలిచి, అట్టలూడిన సంచికలను తిరగవేసి, దొరికిన నెలతో ప్రారంభించుటయే యా దారి. ఇచట ఆరంభమును నిర్ణయించువాడు విమర్శకుడు కాడు, పుస్తకముల నమ్మువాడు. సమీపమున సుల్తాన్‌బజారులో 1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయ మున్నది. గ్రంథాలయమున వరుసగ చదువుటకును, బాటప్రక్కన దొరికినది చదువుటకును గల భేదము మన ప్రశ్నకు మూలము.

చిత్రమేమనగా, ఈ రెండవవిధమైన పఠనమునే ధారావాహికా నిర్మాణము ముందుగ నూహించినది. ప్రతి మాసభాగమునకు శిరస్సున కుండలీకరణములలో గతకథాసంగ్రహ ముండెడిది. నాలుగైదు వాక్యములలో పాత్రలెవరో, ఎచట చిక్కుకొనిరో చెప్పి కథను కదలించెడివారు. చివర నొక యాపద; నాయకు డే కొండచఱియ యంచుననో, ఏ మృగము నెదుటనో నిలుచును. నెల తిరిగినపిదప ఆ యాపద తేలిపోవును. నడుమ చేరిన పాఠకునకు లోటు రానీయకుండుట ఈ నిర్మాణపు ప్రయోజనము. కావున నెలలలో నేదైనను ఆరంభము కావచ్చును. పండ్రెండు కథలలో ఏదైనను ఆరంభము కావచ్చునా యనునది వేఱు ప్రశ్న.

తోకచుక్కతో మొదలిడినవాడు ఏమి చూచును? కుండలినీ ద్వీపము, ఆకాశమున తోకచుక్క, ధనార్జనకై యోడలపై బయలుదేరిన సేనాని సమరసేనుడు, నిర్జనప్రాయమైన దీవి, అచట ఏకాక్షి, చతుర్నేత్రుడను నిద్దఱు మాంత్రికుల వైరము. కథ వేగముగలది, భయము నిజమైన భయము. కాని యిందలి మాంత్రికుడు మన జానపదకథలలోని మాంత్రికుడే. వాని శక్తికి తిరుగులేదు, వాని క్రౌర్యమునకు మెఱుగులేదు. ముగ్గురు మాంత్రికులు కథకు వచ్చినచో అరేబియన్ నైట్స్ నందలి జూదరు వృత్తాంతము నెఱిగినవారికి దాని యుపక్రమము వెంటనే స్ఫురించును. చేపలుపట్టువాడు, వాని యిద్దఱు దుష్టసోదరులు, జలాశయము కడకు వచ్చి చేతులు కట్టుమని కోరు మాంత్రికుడు – అంతయు నచటి నుండి వచ్చినదే. అనుసరణము దోషమని మే మనుట లేదు. తెలుగున ననుసరణము చేయని కథకుడెవడు? కాని యీ కథలతో నారంభించిన పరిశోధకుడు 'జానపదకథాధోరణి, విదేశీయ ప్రభావము' అను రెండు శీర్షికలు వ్రాసికొని, మిగిలిన తొమ్మిదింటిని ఆ శీర్షికల క్రింద సర్దుకొనును. అచ్చట రచయిత మఱల అనామకు డగుచున్నాడు.

రాకాసిలోయ (1961) చేతబట్టినచో పరిస్థితి వేఱు. కేశవుడు, జయమల్లు, అడవిజాతి యువకుడు గోమాంగ్ – ఈ ముగ్గురును రాజకుమారులు కారు. వీరికి ప్రతిగ నిలిచినవాడు బ్రహ్మదండి మాంత్రికుడు. ఇతనిని గూర్చి కొంత యెక్కువగ చెప్పవలసియున్నది. ఇతనికి ఆశ యున్నది, అట్టహాస మున్నది, చేత దండమున్నది. అయినను అక్కఱకు వచ్చునప్పుడు మంత్రము చాలదు. బెదరింపబోయి బెదరును, ఇతరులను వలలో వేయబోయి తానే యితరుల వెంట పరుగిడవలసి వచ్చును. ఒక భాగమున శత్రువు, మఱియొక భాగమున తోడి బాటసారి. అతడు వచ్చినప్పుడు పాఠకుడు భయపడుటకు సిద్ధపడి నవ్వుచున్నాడు. ఈ నవ్వు కథకు తగిలించిన యలంకారము కాదు. మంత్రశక్తి కూడ ఒక వృత్తి వంటిదే, ఆ వృత్తియందును డాంబికులు, అరకొర చదువువారు, అదృష్టము కలిసిరానివారు నుందురనెడి చూపునుండి పుట్టినది. అద్భుతమును తక్కువ చేయకయే అద్భుతమును నమ్ముకొన్న వానిని చూచి నవ్వుట తెలుగు కథలో అరుదు. మాకు తెలిసినంతలో సుబ్రహ్మణ్యముగారి సొంతగొంతు మొట్టమొదట స్పష్టముగ వినవచ్చినది ఇచటనే. కావున రాకాసిలోయతోనే ప్రారంభింపవలయునని మా మతము.

ఆ గొంతును గుర్తించినవానికి తరువాతి కథలు ఒకే హస్తము పనులుగ తోచును. శిథిలాలయమున శిఖిముఖి, విక్రమకేసరుల స్నేహము, మాయాసరోవరమున సిద్ధసాధకుడు – ఇవన్నియు ఒకే కుదురునుండి మొలచినవి. సిద్ధసాధకుడు బ్రహ్మదండికి తిరుగవేసిన ప్రతిబింబము. మహాకాలునిపేర జయఘోష చేయుచు శూలముతో ముందున కుఱుకు నితడు నాయకుడైన జయశీలుని ప్రక్కన నుండును గాని యెదుట నుండడు. పూర్వము ప్రతినాయకుని కంటగట్టిన ఆర్భాటమును రచయిత ఇచట మిత్రునకిచ్చి ప్రీతిపాత్రము చేసెను. బ్రహ్మదండిని ముందుగ నెఱుగనివాడు సిద్ధసాధకుని చూచి ఆనందించును గాని, రచయిత తన పాత సరకును ఎట్లు మార్చి వాడుకొనెనో కనిపెట్టలేడు.

క్రమమును తప్పక పాటింపవలసిన జంట యొకటే: రాతిరథము, యక్షపర్వతము. ఖడ్గవర్మ, జీవదత్తుడను వారిరువురే రెండింటను నాయకులు. కత్తిని నమ్మినవాడొకడు, మంత్రదండమును బుద్ధిని నమ్మినవాడొకడు. రెండవదానిని ముందు చదివినచో కథ తెలియకపోదు; వారి సంభాషణలలోని చనువు మాత్రము ఎచటి నుండి వచ్చినదో తెలియదు.

ఇట్టి విచారము మన భాషకే పరిమితము కాదు. ఆంగ్లమున టెర్రీ ప్రాచెట్ (1948–2015) 1983 మొదలు 2015 వఱకు 'డిస్క్‌వరల్డ్' పరంపరగ నలువదియొక్క హాస్యాద్భుత నవలలు వెలువరించెను. ఆ పాఠకులలోను మొదటి నవలతో మొదలిడవలదనువారు పెక్కుమంది. మొదటి పుస్తకము పూర్వపు అద్భుతకథలకు పరిహాసానుకరణము. సొంతలోకము, సొంత హాస్యము క్రమముగ నేర్పడినవి. ప్రాచెట్టునకును మన కథకునకును పోలిక ఇంతవఱకే. అతని పేరు ప్రతి పుస్తకపు టట్టమీద నుండెను. కనుక పాఠకుడెచట మొదలిడినను రచయిత యొక్కడని ముందే తెలియును. మనకు ఆ యాధారము లేదు. శైలి నుండియే రచయితను పట్టుకొనవలయును. అందుచే ఆ శైలి గట్టిపడిన చోట మొదలిడుట మనకు మఱింత యవసరము.

కాలక్రమము వదలినచో పరిణామ మెట్లు తెలియునని యొక యాక్షేపము రావచ్చును. పరిణామము తెలియవలెనన్న అది దేనిగ పరిణమించినదో మొదట తెలియవలయును గదా! రాకాసిలోయ పిదప శిథిలాలయము, రాతిరథము, యక్షపర్వతము, మాయాసరోవరము చదివి, అటుపిమ్మట తోకచుక్కకు మఱలినవానికి ఏకాక్షి యందు కూడ నొకటి రెండు చోట్ల నవ్వు తొంగిచూచును. ముందు చదివియుండిన నది కనబడదు.

ఇక జ్వాలాద్వీపమును గూర్చి ఒక మాట. 1960లో, అనగా రాకాసిలోయకు సరిగ ముందు, ప్రారంభమైన కథ యిది. అందలి ఉగ్రాక్షుడు రాక్షసుడు. అయినను నాయకుడైన చిత్రసేనునకు శత్రువుగ నిలువక చెలిమికాడగును. వాని కోపము పెద్దది, లోబడుట కూడ త్వరితము. బ్రహ్మదండికి పూర్వరంగము ఇచ్చటనే సిద్ధమైనదని చెప్పుటకు వీలున్నది. అట్లయిన జ్వాలాద్వీపముతోనే యెందుకు మొదలిడరాదని అడుగవచ్చును. ఉగ్రాక్షుడు కథలో నొక భాగము. బ్రహ్మదండి కథను నడపువాడు. అందువలన జ్వాలాద్వీపమును రాకాసిలోయకు వెంటనే పిదప, రెండవదిగ చదువుట మేలు. ఈ రెండింటి మాససంచికలను వరుసగ ముందిడుకొని, ఉగ్రాక్షుని మాటతీరు ఏ నెల నుండి మెత్తబడినదో గుర్తించు పని యింకను మిగిలియున్నది. అది యొక విద్యార్థికి రెండేండ్ల పని.