నిప్పు ఇచ్చిన పొయ్యి

జసింతా కెర్కెట్టా మొదటి కవితా సంపుటి 'అంగోర్' 2016లో వచ్చింది. ఆమె జార్ఖండ్‌లోని పశ్చిమ సింగ్‌భూమ్ జిల్లాలో పుట్టిన ఉరావ్ ఆదివాసీ. పాత్రికేయురాలు. హిందీలో రాస్తారు. అంగోర్ అంటే నిప్పుకణిక.

ఆ పుస్తకాన్ని అచ్చువేసింది కోల్‌కతాలోని 'ఆదివాణి' అనే చిన్న సంస్థ. సంతాల్ మహిళ రూబీ హెంబ్రోమ్ 2012లో దాన్ని మొదలుపెట్టారు. ప్రచురణ రంగం గురించి ఒక కోర్సు చదువుతున్నప్పుడు, పుస్తకాల లోకంలో ఆదివాసుల జాడే లేకపోవడం గమనించి ఆమె ఈ పనికి పూనుకున్నారు.

ఇలాంటి ప్రచురణకర్తకు కవి ఎందుకు ఋణపడతారు? బయటివాళ్ల చేతిలో పడితే మన కవిత ఏమవుతుందో మనం చూస్తూనే ఉన్నాం. అట్ట మీద నెమలి ఈకలు, ముందుమాటలో మన అమాయకత్వం మీద జాలి, లోపల 'సరిదిద్దిన' మన మాట. ఆదివాణి 'అంగోర్'ను హిందీ, ఇంగ్లీషు రెంటిలోనూ ఒకే పుస్తకంగా తెచ్చింది. అదే ఏడాది జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో ద్రౌపదీ ఫెర్లాగ్ అనే మరో చిన్న సంస్థ జర్మన్ అనువాదం వేసింది. గనుల కింద పోయే నేల గురించీ, అమ్ముడుపోయే అడవి గురించీ రాసిన కవితలు ఎవరి జాలీ అవసరం లేకుండా దూరం నడిచాయి.

తర్వాతి సంపుటాలు పెద్ద సంస్థల నుంచి వచ్చాయి. 2018లో భారతీయ జ్ఞానపీఠ్, 2022లో రాజ్‌కమల్. మొదట చేయి పట్టుకున్నవాళ్లను కవి మరిచిపోయారని దీన్నిబట్టి అనవచ్చా? మేం అలా అనుకోం. జవాబు 'అంగోర్' అనే కవితలోనే ఉంది. పట్నం నిప్పుకూ పల్లె నిప్పుకూ ఉన్న తేడా అందులో విషయం. పంచుకునే గుణం ఉన్నందుకే పల్లె నిప్పు ఆమెకు గొప్పది. మన గూడేల్లోనూ నిప్పు అడిగి తెచ్చుకున్నవాళ్లు దాన్ని తిరిగి ఇవ్వరు, అడిగిన మరో ఇంటికి ఇస్తారు. చిన్న ప్రచురణకర్త ఋణం కూడా అలాగే తీరుతుంది.

కృతజ్ఞత అంటే తల వంచడం అని కూడా అనుకోవద్దు. మణిపూర్ ఆదివాసుల బాధను మీడియా గౌరవంగా చూపలేదంటూ 2023లో ఒక పెద్ద మీడియా సంస్థ ఇవ్వబోయిన పురస్కారాన్ని ఆమె వద్దన్నారు. ఎవరి నుంచి తీసుకోవాలో, ఎవరికి వద్దనాలో తెలిసిన కవి చెప్పే కృతజ్ఞతకే విలువ ఉంటుంది.

మన తెలుగు పుస్తకాల్లో కృతజ్ఞతల పేజీ తిరగేయండి. డబ్బిచ్చిన పెద్దమనుషుల పేర్లు ముందుంటాయి. కోయ మాటనో కువి మాటనో తప్పు లేకుండా కంపోజ్ చేసినవాళ్ల పేరు, సంచిలో పుస్తకాలు మోసుకుని సంతల్లో అమ్మినవాళ్ల పేరు చాలాసార్లు ఉండదు. ఆ పేజీ కూడా విమర్శకు లోబడాల్సిందే.

కాబట్టి యువ కవులకు మా మాట ఒకటే. మీ మొదటి పుస్తకం వేసినవాళ్లను పొగిడి ఊరుకోకండి. మీ వెనక వచ్చే పిల్లల రాతప్రతి చదవండి, దిద్దండి, ప్రచురణకర్త దాకా చేర్చండి. టీచర్లు ఆశ్రమ పాఠశాల లైబ్రరీకి ఆ పుస్తకాలు ఉచితంగా అడగకుండా కొనండి. చిన్న ప్రచురణ సంస్థ రెండో పుస్తకం వేయగలిగేది మొదటి పుస్తకం అమ్ముడైతేనే.