అంగన్‌వాడీ వేళలు, తల్లి పనివేళలు: శిశు సంరక్షణ పథకాలపై ఒక విమర్శ

పేద కుటుంబాల శిశు సంరక్షణపై ప్రభుత్వం చేసే వ్యయాన్ని మన అధ్యయనాలు సాధారణంగా పోషకాహార కోణం నుంచే పరిశీలిస్తాయి. బరువు, ఎత్తు, రక్తహీనత లెక్కకు వస్తాయి. తల్లి పనివేళలు రావు. ఈ లోపం పరిశోధకులది మాత్రమే కాదు, పథక నిర్మాణంలోనే ఉంది. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ఆరు సేవలను నిర్దేశించింది: అనుబంధ పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, ఆసుపత్రికి సిఫారసు, పూర్వ ప్రాథమిక విద్య, పోషణ-ఆరోగ్య విద్య. తల్లి పని నుంచి తిరిగి వచ్చేవరకు బిడ్డను చూసుకోవడం ఈ ఆరింటిలో లేదు. 2017లో సవరించిన ప్రమాణం ప్రకారం సాధారణ శిశువు ఆహారానికి రోజుకు 8 రూపాయలు. నిధుల లెక్క భోజనానికే గాని గంటలకు కాదు.

పెందుర్తి నుంచి చూస్తే ఈ తేడా స్పష్టమవుతుంది. 2022 జిల్లాల పునర్విభజన తరువాత పెందుర్తి మండలం విశాఖపట్నం జిల్లాలో ఉండగా, అదే శాసనసభ నియోజకవర్గంలోని పరవాడ, సబ్బవరం అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి. పరవాడ ఫార్మా సిటీకో, అచ్యుతాపురం దుస్తుల కర్మాగారాలకో పనికి వెళ్లే తల్లి జిల్లా దాటి వెళ్తుంది. నగరంలో ఇంటిపనికి, భవన నిర్మాణానికి వెళ్లే స్త్రీల వేళలు వేరు. కేంద్రం మూసిన తరువాత బిడ్డ అమ్మమ్మ దగ్గరో, బడి మానిన అక్క చంకనో, పొరుగింటి అరుగు మీదో ఉంటుంది. ఈ సంరక్షణకు ఏ పద్దులోనూ చోటు లేదు. పథకం నిలబడింది మాత్రం దీని మీదే.

పనివేళలను గుర్తించిన పథకం లేకపోలేదు. 2006 నాటి రాజీవ్ గాంధీ జాతీయ క్రెష్ పథకం 2017లో జాతీయ క్రెష్ పథకమైంది. నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు, కేంద్రానికి 25 మంది పిల్లలు. ఎనిమిది గంటల షిఫ్టుకు ప్రయాణం కూడా కలిస్తే ఈ ఏడున్నర గంటలు చాలవన్నది ఒక మాట. అంతకంటె తీవ్రమైనది వేతనం. కార్యకర్తకు నెలకు 3,000 రూపాయలు, సహాయకురాలికి 1,500. పై ప్రమాణాలతో భాగిస్తే కార్యకర్త గంట శ్రమకు దక్కేది సుమారు 15 రూపాయలు. వ్యయాన్ని కేంద్రం, రాష్ట్రం, స్వచ్ఛంద సంస్థ 60:30:10 నిష్పత్తిలో భరించాల్సి ఉండేది. అంటే పేదల బిడ్డల సంరక్షణలో పదో వంతు దాతృత్వానికి వదిలివేశారు.

చట్టం మరో దారి చూపింది. 30 మందికి మించి మహిళలున్న కర్మాగారంలో క్రెష్ ఉండాలని ఫ్యాక్టరీల చట్టం (1948, 1976 సవరణ), 50 మంది ఉద్యోగులున్న సంస్థకు ఆ సదుపాయం ఉండాలని 2017 ప్రసూతి ప్రయోజన సవరణ చట్టం విధించాయి. అయితే బిడ్డ కంపెనీ బస్సులో అంత దూరం రావాలి. ఇళ్లలో పాచిపని చేసే తల్లికి ఈ రెండు చట్టాలూ వర్తించలేదు.

అంగన్‌వాడీ వేళలను పొడిగించాలన్న సూచన తరచు వినిపిస్తుంది. ఎవరి శ్రమతో అన్నది చెప్పకుండా ఆ సూచన చేయడం అన్యాయం. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు 12న మొదలై 42 రోజులు సాగిన సమ్మె నాటికి కార్యకర్త గౌరవ వేతనం 11,500 రూపాయలు, ఆయాకు 7,000. ప్రభుత్వం వారి సేవను అత్యవసర సేవగా ప్రకటించి ఎస్మా ప్రయోగించింది. సమ్మె చేసినప్పుడు అత్యవసరమైన పని, జీతమడిగినప్పుడు స్వచ్ఛంద సేవ ఎట్లా అవుతుంది? వీరిది సివిల్ పోస్టు కాదని 2006లో చెప్పిన సుప్రీంకోర్టే, 2022 ఏప్రిల్ 25 తీర్పులో గ్రాట్యుటీ హక్కును గుర్తించింది. ఒక పేద తల్లికి దొరకవలసిన గంటలను మరొక పేద స్త్రీ నుంచి ఉచితంగా తీసుకోవడం ఆ తీర్పు స్ఫూర్తికి విరుద్ధం.

2022లో మిషన్ శక్తి కింద వచ్చిన ‘పాల్నా’ అంగన్‌వాడీలోనే క్రెష్ నడపాలంటూ, దానికి వేరుగా కార్యకర్తను, సహాయకురాలిని కేటాయించింది. నిర్మాణపరంగా ఇది సరైన మార్పు. వారికిచ్చేదాన్ని మాత్రం ఇప్పటికీ గౌరవ వేతనమనే పిలుస్తున్నారు.