పొలిమేర దగ్గర నిలుచుట

ఆశ్వయుజము వచ్చునప్పటికి ఆదిలాబాదు కొండలలో రెండు తీరుల ప్రయాణములు ఒక్కమారే మొదలగును. వానలు తెరపియిచ్చి, కెరమెరి ఘాటు మలుపులలో టేకాకులు ఇంకను తడియారక మెరయుచుండగా, కరీంనగరమునుండియు మంచిర్యాలనుండియు హైదరాబాదునుండియు మనవంటివారు కార్లెక్కి, జలపాతములను కోనలను చూచివచ్చుటకై తెల్లవారకముందే బయలుదేరుదురు. ఆ దినములలోనే, పౌర్ణమి దాటినది మొదలు దీపావళి వరకు, గోండు గూడెములలోని దండారి ఆటపాటల బృందములు నర్తకులైన గుస్సాడీలను ముందిడుకొని, గజ్జెల చప్పుడుతో, నెమలియీకల మల్‌బూర కిరీటములతో, ఒక యూరినుండి మరియొక యూరికి పయనమై పోవును. ఉభయులును కొండయూళ్ళకు పోవువారే. నాలుగు దినములు నిత్యకృత్యమును మరచి సంతోషముగా గడుపవలెననుట ఉభయుల కోరికయే. కాని ఒక యూరికి ఎట్లు పోవలెనో వారికి తెలిసినంత మనకు తెలియదని, చాల యేండ్లు ఆ కొండలలో తిరిగిన పిమ్మట గాని నాకు బోధపడలేదు.

మొదటిమారు నేను జోడేఘాట్‌కు పోయినది కారులోనే. ఆసిఫాబాదు దాటి, కెరమెరి దాటి, హట్టి దగ్గర మళ్ళి, మెలికలు తిరిగిన దారివెంట పైకెక్కి, గోండు వీరుడు కొమురం భీము విగ్రహమునకు నమస్కరించి, 2016లో తెరచిన స్మారక మ్యూజియములో గోండుల పనిముట్లను, వాద్యములను, బొమ్మలను ఒక చుట్టు చూచి, లోయవైపు తిరిగి పది ఛాయాచిత్రములు తీసికొని, పొద్దు గ్రుంకకముందే దిగివచ్చితిని. ఇంటికి చేరి ఆ చిత్రములన్నియు మా అమ్మకు చూపినప్పుడు ఆమె ఒక్కొక్కటే శ్రద్ధగా చూచి, చివరకు రెండు ప్రశ్నలడిగినది: “అక్కడ ఎవ్వలతోని మాట్లాడినవ్ బిడ్డా? ఎవ్వలింట్ల నీళ్ళు తాగినవ్?” నా యొద్ద సమాధానము లేకపోయెను. అంతదూరము పోయి నేను కొండను చూచితిని, విగ్రహమును చూచితిని. ఊరిని మాత్రము చూడలేదు.

రెండవమారు పోయినప్పుడు కారును క్రిందనే విడిచి, ఆ ప్రాంతపు గోండు పెద్ద నొకరిని తోడు తీసికొని, అడవిదారిన కాలినడకన పోయితిని. అరువదియేండ్లు దాటిన మనిషి, చేతిలో వెదురుకర్ర, భుజముపై కండువా, మాట తక్కువ. రెండుగంటలు నడచిన పిమ్మట చెట్ల సందున ఇండ్ల కప్పులు కనబడగానే నేను ఉత్సాహముతో అడుగు వేగము పెంచితిని. ఆయన చేయెత్తి నన్ను ఆపెను.

“జర ఆగున్రి సార్. ఊరచ్చింది.”

“ఊరస్తె పోదాం గద దాదా, ఎందుకు ఆగుడు?”

“మనం అచ్చినమని ఊరికి తెల్వాలె గద.”

ఇప్పచెట్టు క్రింద కర్రను నేలకానించి, ఒక్కమారు గట్టిగా దగ్గి, ఆయన ఊరివైపు చూచుచు నిలిచెను. నేనును నిలిచితిని. కొంతసేపటికి ఒక పిల్లవాడు మమ్ము చూచి లోపలికి పరుగెత్తెను. మరికొంతసేపటికి ఒక నడివయస్కుడు తల తుడుచుకొనుచు ఎదురువచ్చి “రాం రాం” అనెను. “రాం రాం” అని పెద్దాయన బదులు పలికి, అప్పుడు మాత్రమే పొలిమేర దాటెను. ఆ నిలిచిన సమయము పది నిమిషములకు మించి ఉండదు. కాని యాత్ర యనుదానిని గూర్చి నేను చదివిన గ్రంథములలో నాకు దొరకని పాఠము ఆ పది నిమిషములలో దొరకినది.

ఆ సాయంత్రము ఒక యింటి వసారాలో, జొన్నరొట్టె తినుచు, దండారి సంగతి వింటిని. ఒక యూరి బృందము మరియొక యూరికి పోవునప్పుడు నేరుగా ఊరు చొరదు. పొలిమేరలో ఆగి వాద్యములు మ్రోగించును. ఆతిథ్యమిచ్చు ఊరివారు తమ వాద్యములతో ఎదురేగి, ఆలింగనము చేసికొని, లోనికి తోడ్కొనిపోవుదురు. రాత్రి యెల్ల ఆటపాటలు, ఊరందరి వంట. ఆ రాకపోకలలోనే పెండ్లిసంబంధముల మాటలు కూడ కుదురును. మరునాడు అతిథులను సాగనంపి, తరువాత తామును వారి యూరికి పోవుదురు. గుస్సాడీలు వ్రతము ముగియువరకు స్నానమే చేయరట. వ్రతమువలె పాటింపబడు ఆ ప్రయాణమును విహారమని పిలుచుటకు నాకు నోరు రాలేదు. అయినను అందు విహారమునకు కొదువ లేదు.

ఆ యింటి దూలమునకు, పొగ తగులని మూలలో, బట్ట చుట్టిన మల్‌బూర వ్రేలాడుచుండెను. ఇంటి యజమాని దానిని దింపి, చేతులు జోడించి, బట్టను విప్పెను. గంపవంటి అల్లిక చుట్టును నెమలియీకల కాడలు ఒకదాని నొకటి ఒరసికొనుచు దట్టముగా బిగింపబడి ఉండెను. ముందరివైపు జరీపట్టీలు, చిన్న అద్దముల తునకలు. కొన్ని యీకలు కొత్తవి, నీలము తేటగా ఉన్నవి. కొన్ని తాతనాటివి, కన్ను వెలిసి గోధుమరంగునకు తిరిగినవి. పాతవాటిని తీసివేయరా యని అడిగితిని. “తియ్యం సార్. కొత్తయి పక్కన సేర్త” మనెను. నేను తాకబోయి, ఆగి, తాకవచ్చునా యని అడిగితిని. ఆయన నవ్వి, “చూడున్రి, ముట్టుడు వద్దు” అనెను. ఆ సాయంత్రము నేను నేర్చిన పాఠమునకు అదియే తొలి పరీక్ష.

పొలిమేరయన్న మాటకు ఆ కొండలలో ఇంత గౌరవ మేల కలిగెనో చరిత్ర తెలిసినవారికి వివరింప నక్కరలేదు. ఆ యూళ్ళ దుఃఖమంతయు అడుగక వచ్చినవారి వలన కలిగినదే. అడవికి హద్దురాళ్ళు పాతుటకు వచ్చినవారు అడుగలేదు. తరతరములుగా దున్నుకొనుచున్న భూములకు పరాయివారి పేర పట్టాలు వ్రాసినవారు అడుగలేదు. పశువుల మేపుకు, కట్టెకు పన్ను వసూలు చేయవచ్చినవారును అడుగలేదు. 1901లో ఆసిఫాబాదు సమీపమున సంకెపల్లిలో జన్మించిన కొమురం భీము, పండ్రెండు గూడెములను కూడగట్టి, జల్ జంగల్ జమీన్ మావేయని నిలిచినది ఈ అడుగకుండ వచ్చు అధికారమునకు ఎదురుగానే. 1940లో నిజాము పోలీసులు జోడేఘాట్ గుట్టనెక్కి కాల్చిన తుపాకులకు ఆయన నేలకొరిగెను. గోండులు ఆ దినమును ఆంగ్ల పంచాంగముచేత గాక చంద్రునిచేత లెక్కింతురు: ప్రతి యేట ఆశ్వయుజ పౌర్ణమినాడు వేలకొలది జనులు ఆ గుట్టకు చేరి వర్ధంతి జరుపుదురు. ఆ పౌర్ణమి దాటిన పిమ్మటనే దండారులు కదలును. ఒకే పక్షములో శోకమును, సంబరమును ఒకదానిప్రక్క నొకటి నిలుపుకొన్న జనమది.

అడిగి వచ్చినవారి కథయు ఆ కొండలలో ఒకటి కలదు. భీము మరణానంతరము గోండుల కష్టములను తెలిసికొనుటకై నిజాము ప్రభుత్వము పంపిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ, జైనూరు ప్రాంతములోని మార్లవాయిలో గోండులవలె గుడిసెలో కాపురముండి, గోండీ నేర్చిరి. 1943లో అక్కడ ఉపాధ్యాయ శిక్షణాలయము మొదలైనది. గోండీ వాచకములు దేవనాగరిలో తయారైనవి. ఆ దశాబ్దములోనే 11,000కు పైబడిన ఆదివాసులకు సుమారు 1,60,000 ఎకరములకు పట్టాలు లభించినవి. బెట్టీ 1987లో కన్నుమూయగా ఆమె సమాధి మార్లవాయిలోనే వెలసినది; 1995లో లండనులో మరణించిన ఆయన అస్థికలును తరువాత ఆ ప్రక్కకే చేరినవి. ప్రభుత్వము పంపగా వచ్చిన మనుష్యుడైనను, ఊరిలో కూర్చుండి ఊరిమాట నేర్చినందున ఊరివాడయ్యెను. ఆ యూరివాడే యైన గుస్సాడి కళాకారుడు కనకరాజుగారికి 2021లో పద్మశ్రీ ప్రకటింపబడినప్పుడు, ఆ చిన్న గూడెమును దేశము మరల తలచుకొనినది.

మరునాడు మేము వాగు దిశగా నడచితిమి. కొండనడక ఒక విద్యయని, దానికిని గురువు కావలెనని ఆ ఉదయము తెలిసినది. దిగుడులో నేను పట్టణపు అలవాటు చొప్పున అడుగును, బరువును ఒక్కమారే వేయుచుంటిని, రెండుమారులు జారితిని. పెద్దాయన వెనుదిరిగి చెప్పెను: “ముందుగాల కాలు పెట్టున్రి. రాయి ఒప్పుకుంటెనే బరువెయ్యున్రి.” అటుపిమ్మట నేను ప్రతి రాతిపై పాదమునుంచి, అది కదలదని రూఢిచేసికొని, అప్పుడే దేహమును దానికి అప్పగించితిని. కొంతదూరము పోవునప్పటికి శ్వాస కుదుటబడినది, మాట ఆగినది, మాట ఆగగానే అడవి వినబడినది.

రాతిని కూడ అడుగవలెనన్న ఈ నియమము పుస్తకములోని సూక్తి కాదు, ప్రాణము నిలుపు జాగ్రత్త. లింగాపూర్ మండలములో ఒకదానివెంట నొకటిగా దూకు మిట్టె జలపాతముల వద్ద, సప్తగుండాలని జనులు పిలుచు ఆ మడుగుల వద్ద, నాచు పట్టిన రాయి ఏది పొడిరాయి ఏదియని కంటితో చెప్పుట కష్టము. నేరడిగొండ దగ్గర కడెం వాగు 45 మీటర్ల ఎత్తునుండి పడు కుంటాల జలపాతమున, ఈతకు దిగి మడుగు లోతు తెలియక పోయిన పిల్లల కథలు మనము ఎన్నిమారులు వినలేదు! ఆ తల్లుల దుఃఖము తలచినప్పుడెల్ల నాకు ఇదియే తోచును: నీటికిని ఒక పొలిమేర కలదు, దాని యొద్ద నిలుచుట నేర్పినవారు ఆ పిల్లలకు లేకపోయిరి. వానకాలమున దూరమునుండి చూచుటయే ఆ జలపాతమును చూచుట.

కనుక ఈ యేడు కొండలకు పోవు మిత్రులను నేను కోరునది పెద్దదేమియు కాదు. కారును ఊరి నడుమకు కాక ఊరి బయట నిలుపుడు. పాటలపెట్టెను కట్టివేయుడు. ఎదురైన మొదటి మనిషికి “రాం రాం” చెప్పి, వచ్చిన పని చెప్పుడు. దేవుని గుడిసెను, మనిషి ముఖమును, అనుమతి లేక చిత్రము తీయకుడు. దారి చూపిన వానికి కూలి అడుగకముందే ఇండు. గూడెములో దొరకు ఇప్పలడ్డులు, తేనె అక్కడనే కొనుడు. ఒక్క రాత్రి నిలువగలిగితిరా, నాలుగు జలపాతములను విడిచిపెట్టియైనను నిలువుడు. నిలిచినవానికే ఊరు తన వాకిలి తెరచును.

ఆ ప్రయాణమునుండి తిరిగివచ్చినప్పుడు మా అమ్మ ప్రశ్నలకు నా యొద్ద సమాధానములుండెను. ఎవరితో మాట్లాడితినో, ఎవరింట నీళ్ళు త్రాగితినో చెప్పితిని. ఆమె తృప్తిగా విని, మరియొకటి అడిగినది: “వాళ్ళని మనింటికి రమ్మన్నవా మరి?” రమ్మనలేదు. దండారిలో సగము నేను అక్కడనే మరచివచ్చితిని.

వెంటనే పెద్దాయనకు కబురంపితిని. ఆరునెలలకు, వైద్యమునకై కరీంనగరమునకు వచ్చిన ఒక ఉదయమున, ఆయన మా యింటికి వచ్చెను. నేను లోపల పత్రిక చదువుచుండగా వీధిలో ఎవరో గట్టిగా దగ్గిన చప్పుడైనది. కిటికీలోనుండి చూచితిని. గేటు తెరచియే ఉన్నది. ఆయన బయట, వేపచెట్టు నీడను, కర్రను నేలకానించి, మా యింటివైపు చూచుచు నిలిచి ఉండెను.

నాకంటె ముందు మా అమ్మ చెంబుతో నీళ్ళు తీసికొని ఎదురుపోయినది.