పాత బండికి కొత్త గ్యాస్

ఎండలు ముదిరాక ఆటోనగర్ ఏసీ షెడ్లలో ఎక్కువగా వినపడే మాట, "గ్యాస్ కొట్టేస్తే సరిపోద్దండీ." మా నాన్నగారి కాంటెస్సా లాంటి బళ్ళకు అది సరిపోదు. వాటి ఏసీ ఆర్-12 గ్యాస్ కోసం తయారైంది. ఓజోన్ పొరను తినేసే ఆ గ్యాస్ తయారీని, 1987 నాటి మాంట్రియల్ ఒప్పందానికి కట్టుబడి మన దేశం 2008 ఆగస్టు 1 నుంచి ఆపేసింది. ఇప్పుడు వాడాల్సింది ఆర్-134ఏ. అయితే ఈ మార్పిడిలో గ్యాస్ ఎక్కించడం ఆఖరి పని. అంతకుముందు చేసేదంతా శుభ్రం చేయడమే.

ముందు నూనె సంగతి. కంప్రెసర్‌ను కాపాడే నూనె గ్యాస్‌తో కలిసి గొట్టాల్లో తిరుగుతూ ఉండాలి. ఆర్-12తో తిరిగిన మినరల్ ఆయిల్ ఆర్-134ఏలో కలవదు. కూలింగ్ కాయిల్లోనో మరోచోటో నిలిచిపోతుంది. కంప్రెసర్ నూనె అందక సీజ్ అవుతుంది. అందుకే పాత నూనె వంపేసి, గొట్టాలు, కాయిల్ ఫ్లష్ చేసి, ఎస్టర్ ఆయిల్ పోయాలి. డ్రయ్యర్, ఓ-రింగులు కొత్తవి వేయాలి.

ఆ తర్వాత వ్యాక్యూమ్. ఇక్కడ తొందరపడితే నేను ఒప్పుకోను. చుట్టూ కాలవలు, మాగాణి, ఆవల బందరు సముద్రం. మన డెల్టా గాలి నిండా తేమే. విప్పిన గొట్టాల్లోకి చేరిన ఆ తేమ లోపల ఆమ్లాన్ని పుట్టించి లోహాన్ని కొరుకుతుంది, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర మంచుగా గడ్డకట్టి దారి మూస్తుంది. పంపు ముప్పావుగంటయినా తిరగాలి. పీడనం బాగా పడిపోతే లోపలి నీరు మామూలు వేడికే ఆవిరై బయటికొస్తుంది. పంపు కట్టేశాక గేజి ముల్లు కదలకూడదు. బయట బళ్ళు బారులు తీరి ఉన్నా, ఆ ముల్లునే చూస్తూ ఓపిగ్గా కూర్చునే మెకానిక్ అంటే నాకెంతో గౌరవం.

రోహిణి కార్తె ఎండలో ప్రకాశం బ్యారేజీ మీద ట్రాఫిక్ ఆగినప్పుడు అసలు పరీక్ష. ఎదురుగాలి ఉండదు. అంత వేడిలో ఆర్-134ఏ పీడనం ఆర్-12 కంటే పైకి పోతుంది. పాత కండెన్సర్ ఆ వేడిని వదిలించుకోలేదు. డబ్బుంటే ప్యారలల్ ఫ్లో కండెన్సర్ వేయించండి, లేదంటే కనీసం మంచి ఫ్యానైనా పెట్టించండి. గ్యాస్‌ను మాత్రం తూకం వేసే ఎక్కించాలి. పాత గ్యాస్ బరువులో 80 నుంచి 85 శాతం చాలు. ఎక్కువ పోస్తే చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద భారం పెరుగుతుంది. చవకని వంటగ్యాస్ లాంటివి కలిపి ఎక్కించేవాళ్ళ జోలికి అసలు పోవద్దు. మనుషులు కూర్చునే బండిలో నిప్పంటుకునే గ్యాస్ అది.

ఇక, వాల్వ్ నొక్కి పాత ఆర్-12ను గాలిలోకి వదిలేయడం చూస్తే నాకు కోపం ఆగదు. అది ఓజోన్‌కే కాదు, భూమి వేడికీ చేటు. బరువుకు బరువు చూస్తే బొగ్గుపులుసు వాయువు కంటే దాని ప్రభావం పదివేల రెట్లు పైనే. దాన్ని రికవరీ యంత్రంతో సిలిండర్‌లోకి పట్టాలి. బండి అప్పగించే ముందు ఆ యంత్రం ఉందా అని అడగండి. లేదంటే తాళాలు ఇవ్వకండి. నేనైతే అది ఉన్న షెడ్డు కోసం గుంటూరు దాకా అయినా వెళ్తాను.