బజారులెక్కయు బడిలెక్కయు

పరీక్ష తప్పిన పేదబాలుని గూర్చి ఉపాధ్యాయులును, వారి మాట నమ్మి తలిదండ్రులును, "వీనికి లెక్క రాదు" అని తేల్చివేయుట మనకు నిత్యము వినబడునదే. ఈ తీర్పు ఎంతవఱకు న్యాయమైనదో ప్రయోగపూర్వకముగా విచారించిన గ్రంథము "వీధిగణితము, బడిగణితము" అనునది. తెరెజిన్యా నూనెస్, అనలూసియా ష్లీమన్, డేవిడ్ కరాహర్ అను మువ్వురు మనస్తత్త్వశాస్త్రజ్ఞులు బ్రెజిలుదేశమున జరిపిన పరిశోధనల ఫలమగు నీ గ్రంథము 1993లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారి ముద్రణాలయమునుండి ఇంగ్లీషున వెలువడినది. అంతకుముందే 1988లో వారు పోర్చుగీసుభాషలో ప్రకటించిన పుస్తకమునకు "బ్రతుకున పది, బడిలో సున్న" అని పేరు పెట్టిరి. శాస్త్రగ్రంథమున కీ పేరు కొంత దుడుకుగా నున్నదని మొదట తోచును. లోపలి విషయము చదివినపిమ్మట నట్లు తోచదు.

రెసీఫె యను రేవుపట్టణపు వీధులలో సరకులమ్ముకొను అయిదుగురు బాలబాలికలను, తొమ్మిదేండ్లు మొదలు పదునైదేండ్లవఱకు వయసు గలవారిని, పరిశోధకులు కొనువారివలె సమీపించి ధరలడిగిరి. ఇన్ని కాయల కెంత, ఇంత సొమ్మిచ్చినచో చిల్లర యెంత వచ్చును, అను మాదిరి ప్రశ్నలు 63. నూటికి 98.2 పాళ్లు సరియైన సమాధానములు వచ్చినవి. పిమ్మట ఆ సంఖ్యలనే తీసికొని, ఆ పిల్లలకే, కాగితమును పెన్సిలును చేతికిచ్చి 99 ప్రశ్నల పరీక్ష పెట్టిరి. కథారూపముననున్న లెక్కలలో నూటికి 73.7 పాళ్లు సరిపోయినవి. వట్టి అంకెలతో కూడిన లెక్కలలోనో, 36.8 మాత్రమే.

ఒక బాలుని యుదాహరణము ప్రత్యేకముగా చెప్పదగినది. వానికి పండ్రెండేండ్లు, వాడు కొబ్బరికాయలమ్మును, కాయ యొక్కంటికి 35 క్రూజేరోలు. నాలుగు కాయల ధర యడుగగా, మూడింటికి నూటయైదని వానికి ముందే తెలియును గనుక, దానికి ముప్పది చేర్చి నూటముప్పదియైదు చేసి, మిగిలిన యైదును చేర్చి, నూటనలుబదియని చెప్పెను. కాగితముమీద 35ను 4తో హెచ్చవేయుమన్నపుడో, నాలుగైదు లిరువది, సున్న వ్రాసి చేతిలో రెండు; ఆ రెంటిని మూటికి ముందే కలిపి అయిదు చేసి, నాలుగైదు లిరువదియని, 200 వేసెను! మూడుకాయలకు నూటయైదు తీసికొను బాలుడు నాలుగు కాయలకు రెండువంద లడుగునా? బజారున నడుగడు; అడిగినచో కొనువాడు నవ్వును. కాగితముమీది సంఖ్యకు కాయలతో సంబంధము లేదని వాని కెవరో నేర్పినారన్నమాట. ఎవరు నేర్పినారో పాఠకులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఈ భేదమునకు గ్రంథకర్తలు చూపిన కారణము సూక్ష్మమైనది. నోటిలెక్కయందు ముప్పది ముప్పదిగనే యుండును. నూరు నూరుగనే యుండును. వ్రాతలెక్కయందు ముప్పది మూడుగా మాఱి, స్థానము చేతనే దాని విలువ తెలియవలసియుండును. స్థానమును మఱచిన బాలునికి అంకెలు వట్టి గీతలగును. నోటితో లెక్కించువాడు సంఖ్యను తనకు పరిచితమైన ముక్కలుగ విడగొట్టును, లేదా గుంపులుగ చేర్చును. మన సంతలలో నాలుగేసి కాయలను పుంజీలుగా నెంచు ముసలమ్మ చేయునదియు నిదియే. ఆ నోటిలెక్కలో క్రమము లేదనుట పొరపాటు. క్రమము కలదు, దాని నెవరును పలకమీద వ్రాసి చూపలేదు, అంతియే.

ఇక గ్రంథమునందలి లోపములను గూర్చి. అయిదుగురు పిల్లలను చూచి ఇంత పెద్ద సిద్ధాంతము నిలుపవచ్చునా యను నాక్షేపణ సహజము. బజారుపరీక్ష ముందును కాగితపుపరీక్ష పిమ్మటను జరిగినదనుటయు గమనింపదగినదే. కాని తరువాతి ప్రకరణములలో బడిచదువు తక్కువగా నున్న తాపీమేస్త్రీలను, బెస్తవారిని పరీక్షించి, వారిలో పలువురు తమకు అలవాటులేని నిష్పత్తులనుగూడ సాధింపగలిగిరని చూపిరి గనుక, ఇది వట్టి వాడుకవలన వచ్చిన చిలుకపలుకు కాదని స్పష్టమగుచున్నది. నాకు తోచిన లోపము వేఱు. ఆ కొబ్బరికాయల బాలుడే పదికాయల ధర చెప్పవలసివచ్చినపుడు మూడేసి, మూడేసి కూడి, నూటయైదు, రెండువందల పది, మున్నూటపదునైదు అని ప్రయాసపడి మున్నూటయేబదికి చేరెను. పక్కను సున్న చేర్చిన చాలునని యెఱుగడు. వేయికాయ లడిగినచో వాడేమి చేయును? వీధిగణితమునకు అర్థమున్నది, దూరము పోవు శక్తి తక్కువ. బడిగణితమునకు దూరము పోవు శక్తి యున్నది, ఆ బాలునికి దానియం దర్థము లేదు. ఈ రెంటికి నడుమ వంతెన కట్టు విధమును గ్రంథకర్తలు సూచించిరే గాని, ఉపాధ్యాయుడు రేపటి ఉదయము తరగతిలో చేయవలసిన పని యేమో తగినంత విశదముగ చెప్పలేదు.

వంతెన దానంతట నది యేర్పడదనుటకు మనదేశమునుండియే సాక్ష్యము వచ్చినది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో మొదలగువారు కలకత్తా, ఢిల్లీ నగరముల బజారులలో పనిచేయు పిల్లలను పరీక్షించి 2025లో "నేచర్" పత్రికయందు ప్రకటించిన వ్యాసమున నిదే విషయము మఱింత విరివిగా కానవచ్చుచున్నది. బజారుపిల్లలు చిక్కు బేరములను మనసులోనే తేల్చిరి. బడిలో నేర్పు చిన్నలెక్కలకు తడబడిరి. బేరమెఱుగని బడిపిల్లల స్థితి దీనికి తలక్రిందు: బజారుపిల్లలలో మూడవవంతుకు మించినవారు సాధించిన యొక బేరపులెక్కను వీరిలో నూటి కొక్కరు మాత్రమే సాధించిరి. అనగా బడి ఇరువురకును అన్యాయమే చేయుచున్నది. ఒకరి దెలివిని చూడదు, రెండవవారికి తాను నేర్పినదాని యుపయోగమును చూపదు.

బాలుని కున్నదానినుండి మొదలిడుట మన ప్రాంతమున క్రొత్తమాట కాదు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తిగారు సవరపిల్లలకు చదువు చెప్పదలచి, ముందు తాము సవరభాష నేర్చి, ఆ భాషలో వాచకములు కూర్చి, బడులు పెట్టిరి. వారి సవరవ్యాకరణము 1931లో మద్రాసునుండి వెలువడినది. పిల్లవానికి భాష రాదనుటకు బదులు, వాని భాష తమకు రాదని వారు గ్రహించిరి. లెక్కల యుపాధ్యాయుడును నట్లే వీధిబాలుని యొద్ద కొంతకాలము శిష్యరికము చేయవలసియుండును. నూటయైదు, ముప్పది, అయిదు అని వాడు నోట చెప్పినదానిని పలకమీద వరుసగా వ్రాసి, ఇదే హెచ్చవేత, దీనినే క్లుప్తముగ నిట్లు వ్రాయుదురని చూపిన, చేతిలోని రెండు ఎక్కడినుండి వచ్చినదో వానికి తెలియును. పిమ్మట పదికి సున్న చేర్చుట నేర్పిన, వాడు దానిని నూటికిని వేయికిని తానే పొడిగించుకొనును.

ఇచ్చట ఒక హెచ్చరిక యవసరము. బజారున పిల్లలింత నేర్చుచున్నారు గనుక వారిని బజారుననే యుండనిండని వాదించు పెద్దలు లేకపోరు. ఆఱేండ్లు మొదలు పదునాలుగేండ్లవఱకు ఉచితనిర్బంధవిద్య 2009 నాటి శాసనముచేత పిల్లల హక్కైనది. నేర్చినదానిని మెచ్చుకొనుట వేఱు, నేర్పిన దారిద్ర్యమును మెచ్చుకొనుట వేఱు.

పరీక్షాపత్రములు దిద్దువారు మాత్రము ఈ గ్రంథమునందలి మూడవ ప్రకరణమునైనను చదువుట మేలు. అందు బడిపిల్లలే నోటితో సరిగా చేసిన లెక్కను వ్రాతలో తప్పుటయు వివరింపబడినది. క్రమము చూపక ఫలితము మాత్రము వ్రాసిన కాగితమునకు మన బడులలో సున్న వేయుటయు, కాపీ చేసితివని దండించుటయు గలదు. ఆ పిల్లవానిని దగ్గఱకు పిలిచి "ఎట్లు చేసితివి?" అని యడుగుటకు రెండు నిమిషములు చాలును.