'కామ్రేడ్': ఒక ఆదానపదం, అనేక పక్షాలు

ఆదానపదానికి వ్యుత్పత్తి చెబితే అర్థం చెప్పినట్లేనని మన విద్యార్థుల్లో చాలామంది భావిస్తారు. నిఘంటువులు ఆ భావననే పెంచుతున్నాయి. ఇది ఎంత చిక్కు తెస్తుందో చూపడానికి 'కామ్రేడ్' ఒక్కటి చాలు.

గ్రీకు నుంచి లాటిన్‌కు వచ్చిన 'కమెరా'కు మొదట కమాను కప్పు అని అర్థం; తర్వాత గది. స్పానిష్‌లో అది 'కామరా'. (హిందీ 'కమరా' పోర్చుగీసు ద్వారా వచ్చిన దీని జ్ఞాతి, మన ఫొటోల 'కెమెరా' కూడా ఒకప్పటి చీకటిగదే.) దీనికి సమూహార్థక ప్రత్యయం చేరి 'కమరాదా' అయింది. అది మొదట ఒకే గదిలో ఉండే సైనికుల జట్టు, వ్యాకరణరీత్యా స్త్రీలింగం. క్రమంగా ఆ జట్టులోని ఒక్కొక్కడికీ అదే పేరయింది. 16వ శతాబ్దంలో ఫ్రెంచి, ఇంగ్లీషు దాన్ని తీసుకున్నాయి. జర్మన్‌లో అది 'కమెరాట్'. 1914–18 యుద్ధంలో లొంగిపోయే జర్మన్ సైనికుల కేకగా ఆ రూపం ఇంగ్లీషుకు విడిగా చేరింది. ఒకే పదం ఒకే భాషలోకి రెండు దారుల్లో వచ్చిందన్నమాట.

అసలు చిక్కు రాజకీయంలో ఉంది. ఇటాలియన్‌లో 'కమెరాతా' స్త్రీలింగమైతే వసతిగృహంలోని పడకశాల. పుంలింగమైతే ఫాసిస్టులు తమలో తాము పిలుచుకున్న పిలుపు. కమ్యూనిస్టులు, సోషలిస్టులు వాడేది 'కొంపాన్యో', అంటే రొట్టె పంచుకునేవాడు. జర్మన్ వామపక్షీయుల మాట 'గెనోస్సె'. 'కమెరాట్' ప్రధానంగా సైనికులది, నాజీలూ దాన్ని ఆదరించారు. స్పెయిన్‌లో మాత్రం 1936–39 అంతర్యుద్ధంలో ఫలాంజిస్టులూ కమ్యూనిస్టులూ ఎదురెదురుగా నిలిచి తమవారిని 'కమరాదా' అనే పిలుచుకున్నారు. బ్రెజిల్ పోర్చుగీసులో 'కమరాదా ధర' అంటే కొనేవాడికి అనుకూలమైన ధర!

తెలుగుకు ఈ పదం ఇంగ్లీషు ద్వారా ఒకే రంగుతో వచ్చింది. కరపత్రాల్లో పేరుకు ముందు 'కా.' అని ఉంటే పార్టీ ఏదని ఎవరూ అడగరు. కనుక ముస్సోలినీ కాలపు ఇటాలియన్ కథను ఇంగ్లీషు నుంచి తెనిగించేవారు 'కామ్రేడ్' కనిపించిన ప్రతిచోటా 'కామ్రేడ్' అని వేస్తే, జైలుకు పంపినవాడూ జైలుకు వెళ్లినవాడూ తెలుగు పాఠకుడికి ఒకే పార్టీవారవుతారు. 'సహచరుడు' అన్నా ఆ తేడా నిలవదు. అలాంటిచోట 'కమెరాతా', 'కొంపాన్యో' రూపాలనే తెలుగు లిపిలో ఉంచి, మొదటిసారి వచ్చినప్పుడు ఎవరి పిలుపు ఏదో ఒక వాక్యంలో చెప్పడమే మేలని మా అభిప్రాయం.