ఖాళీ మిషన్ మీదికి బిల్డ్ ఎందుకు పోదు?

"అన్నా, మూడో మిషన్ ఊరికే ఉంది గదా, నా బిల్డ్ క్యూలో ఎందుకు నిలబడింది?" బెంగళూరు నుంచి మా టీమ్ కుర్రాడి ఫోన్. సామల్పట్టిలో ఇంట్లో కూర్చుని, బిల్డులు నడిపే జెంకిన్స్ సర్వర్ చూసుకునే నాకు తరచూ ఎదురయ్యే ప్రశ్నే ఇది.

క్యూలోని బిల్డ్ మీద మౌస్ పెడితే జెంకిన్సే కారణం చెబుతుంది. జాబ్ అడిగిన లేబుల్ ఉన్న నోడ్ లేదనో, ఫలానా ఏజెంట్‌లో, అంటే బిల్డులు నడిపే మిషన్‌లో, ఎగ్జిక్యూటర్ (ఒక బిల్డ్ నడిచే చోటు) ఖాళీ కావాలనో. కుర్రాడు లేబుల్ చోట మిషన్ పేరే రాసేశాడు. ఆ ఒక్కటీ బిజీ అయితే పక్కన ఎన్ని ఖాళీగా ఉన్నా దండగే. లేబుల్‌లో రాయాల్సింది మిషన్‌కు చేతనైన పని: లినక్స్, డాకర్, జేడీకే 17. ఐఫోన్ యాప్‌కైతే మ్యాక్ తప్పదు. మా హోసూరు వైపు బండ్ల ఫర్మ్‌వేర్ లాంటి పనుల్లో కంపైలర్ లైసెన్సు ఒకే కంప్యూటర్‌కు ముడిపడి ఉండొచ్చు. అక్కడ కూడా నేను కంపైలర్ పేరే లేబుల్‌గా పెడతాను. రేపు కంప్యూటర్ మారినా జాబుల జోలికి పోనక్కర్లేదు.

లేబుల్ సరిగ్గా ఉన్నా జెంకిన్స్ తిరిగి తిరిగి ఒకే ఏజెంట్ దగ్గరికి పోతుంటుంది. చాలామంది దీన్ని లోపమంటారు. నేను ఒప్పుకోను. కన్సిస్టెంట్ హ్యాషింగ్ అనే లెక్కతో అది కావాలనే అలా చేస్తుంది. మన గోడల సంగతి తెలిసిన మేస్త్రినే మళ్ళీ పిలుచుకున్నట్టు. నిన్నటి వర్క్‌స్పేస్ అక్కడే ఉంటుంది కాబట్టి గిట్ నుంచి కొత్త కమిట్లు తెచ్చుకుంటే చాలు, మేవెన్ దించుకున్న జార్‌లు డిస్కులోనే ఉంటాయి. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీద పాత డెస్క్‌టాప్‌ను ఏజెంట్‌గా నడిపేవాడికి ఈ ఆదా విలువ తెలుసు. లోడ్ సమంగా పంచే ప్లగిన్ ఉంది గానీ, తొందరపడి వేయకండి.

పాత వర్క్‌స్పేస్‌తో ఒక చిక్కు లేకపోలేదు. మిగిలిపోయిన ఏదో ఫైలు వల్ల, ఫెయిల్ కావాల్సిన బిల్డ్ పాసైపోతుంది. అందుకే రోజువారీ బిల్డులకు పాత ఏజెంట్, రిలీజుకు మాత్రం అప్పటికప్పుడు లేచే కొత్త కంటైనర్. ఎగ్జిక్యూటర్ల సంఖ్య దగ్గర కూడా ఆశపడొద్దు. 4 కోర్ల మిషన్‌కు 8 పెడితే ఎనిమిదీ నత్తనడకే.

చివరగా ఒక మాట. జెంకిన్స్ కొత్తగా ఎక్కించినప్పుడు కంట్రోలర్ (జెంకిన్స్ నడిచే ప్రధాన మిషన్) మీదే 2 ఎగ్జిక్యూటర్లు ఉంటాయి. అక్కడ నడిచే బిల్డ్, కంట్రోలర్ దాచుకున్న పాస్‌వర్డుల ఫైళ్ళదాకా చేరగలదు. వేరే ఏజెంట్ ఒకటి సిద్ధం చేసుకుని, ఆ 2ను ఈ వారమే 0 చేయండి.